నడిమి సుట్టు

హన్మకొండ చౌరస్తాల
సేటు దుకాణం ఎనుక రేకుల షెడ్డు నాది.
తడిపిన ధోతి పరిచి ముందుకు వంగితే
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
పిండి తాడై పుట్టుకొస్తది.
నువ్వులు, వాము, కొత్తబియ్యం వాసన.
ఇరవై రెండేండ్ల సంది ఇదే నౌకరి.

గోడకు ఇటుకంత కంత ఉన్నది.
దాంట్లకెళ్లి ఊరికొచ్చిన సుట్టాలందర్నీ చూస్త,
సేటు సుట్టాలు కాదు, ఊరి సుట్టాలు.
కాజీపేటల రైలు మారెటోళ్లు నిలబడే కొంటరు,
అరకిలో చాలంటరు, గడియారం చూస్తరు.
రామప్ప పోయొచ్చినోళ్లు
నీళ్లల్ల తేలే ఇటుక ముచ్చట తెగక
సర్వపిండి వేడిదే కావాలంటరు.
"నడుమ ఈ బొక్కలెందుకు?" అని ఓ పిల్లగాడు అడిగిండు.
"నూనె తాగనీకి నోర్లు బిడ్డా" అన్న, కంతల నుంచే.
వాళ్లమ్మ బెదిరింది. వాడు నాలుగు తిన్నడు.

వేయి స్తంభాల గుడికెళ్లి వచ్చినోళ్లను ఇట్టే గుర్తుపడత,
లెక్క తప్పిన మొఖాలు.
ఎండలు ముదిరినంక ఎనుమాముల మార్కెట్టు దిక్కు పోయినోళ్లవి
చపాటా కాయల తీరు ముక్కులు,
గరిజెలు కొనుక్కుంటనే తుమ్ముతరు,
చక్కెర సేటు చొక్కా మీద పడతది.

"ఇక్కడ చూడాల్సినవి ఏమున్నయ్?"
అందరడిగేది గిదే.
సేటు పంతులు లెక్క చదువుతడు:
భద్రకాళి, పద్మాక్షి గుట్ట, కిలా, లక్నవరం ఊగే వంతెన.
పద్మాక్షి గుండంల ఏటేటా నా బతుకమ్మనే వేస్త,
అది చూసుడు కిందికి వస్తదని నాకు తెల్వదు.
కిలా మాత్రం చూడలే.
ఆటోల ఆర్ధగంట.
ఆర్ధగంట దూరం చానా దూరం.

మొన్న వానల ఓ టీచరమ్మ
తడిసిన కాయితం బల్ల మీద మర్చిపోయింది.
పొట్లాలకు పనికొస్తదని సేటు ఇటు పడేసిండు.
ఇప్పి చూస్తే
గుండ్రంగ ఒక గీత,
దాని లోపట ఇంకో గీత,
నట్టనడుమ చిన్న చుక్క.
నవ్వాగలే.
ఎవడ్రా వీడు, నా సకినం గీసి పెట్టిండు!
పక్కన పిండి విసికే ఓదెమ్మ బిడ్డ కూడబలుక్కొని చదివింది:
"మట్టి కోట. రాతి కోట. స్వయంభూ గుడి."

సోమారం దుకాణం బంద్.
ఆడిబిడ్డ కొమురవ్వను ఎంట తీస్కపోయిన.
మట్టి కోట మీద గడ్డి, గడ్డి మీద మ్యాకలు.
రాతి దర్వాజ ఒక్క తీరుగ పోదు,
పాము లెక్క మెలి తిరిగి లోపటికి తీస్కపోతది.
లోపట మళ్ల ఊరే,
మక్కచేను, మటన్ కొట్టు, బడి, ఆరేసిన లంగాలు.
టికెట్టు తీయాలంటే కొమురవ్వ కొట్లాడింది,
మా ఊళ్లె మాకు టికెట్టా అని.
కాల్చిన మక్క కంకులు రెండు కొని ఊకుంచిన.

నడుమ నాలుగు తోరణాలు.
తలుపుల్లేవు, గోడల్లేవు,
ఎవలను ఆపనీకి నిలబడ్డయో.
వాటి నడుమ గుడి ఉన్న జాగ.
సగం ఏనుగు, సగం హంస,
నెత్తి లేని నంది, పేరు తెల్వని పూలు,
సంతల కుప్ప పోసినట్టు.
కొమురవ్వ ఫోటోలు దిగింది.
నేను కంకి తినుడు మర్చిపోయి నిలబడ్డ.

సకినం ఇరిగితే
మొదలు ఇరిగేది బయటి సుట్టు.
ఏ పిల్లగాడైనా అంచు నుంచే కొరుకుతడు.
ఇక్కడ బయటి సుట్లు రెండూ నిలిచినయ్,
నడిమిదే పొడిపొడి.
ఎవరో
నడుమ నుంచి తిన్నరు.

మంగళారం మళ్ల ధోతి తడిపి పరిచిన.
మొదటి సుట్టు తిప్పేటప్పుడు వేలు ఆగింది.
గప్పటి సంది నడుమ జర గట్టిగ సుడుతున్న.
సేటుకు పిండి లెక్క కలుస్తలేదు.