పన్నెండో మాటలో అచ్చుతప్పు

నిశ్శబ్దం గురించి నాకు చెప్పకండి, డాక్టర్ లియొకాదియా.
పోర్టో నగరంలో, రాత్రి షిఫ్టులో, ఇరవై ఆరో ఏటి దాకా
దాన్ని ఈ చేతులతో పేర్చినవాణ్ణి.

సీసపు అక్షరాలు. తలకిందులుగా చదవడం అలవాటై
ఇప్పటికీ మీ బల్లమీది కాగితం
మీకంటే ముందు నేనే చదివేశాను.
పదింటికి ప్రూఫు సెన్సారు ఆఫీసుకి వెళ్ళేది,
నీలం పెన్సిలు గీతలతో తిరిగొచ్చేది.
రేవు కూలీల సమ్మె, కొట్టివేత.
అంగోలా నుంచి దిగిన శవపేటికల లెక్క, కొట్టివేత.
ఖాళీ కనపడకూడదు, అదీ ఆజ్ఞే.
కొట్టేసినచోట ఎండుచేపల వంటకమో
పూలప్రదర్శన ఫలితాలో ఇరికించేవాళ్ళం.
పొద్దున్నే మా అమ్మ ఆ వంటకం కత్తిరించి దాచుకునేది.
పాపం, ఉప్పెంతో కూడా మేం కల్పించిందే.

ఇప్పుడు మీరు బొమ్మ గీసి చూపిస్తున్నారు:
పొట్ట వెనక క్లోమం, క్లోమంలో గడ్డ,
గడ్డలో ఒక జన్యువు, దాని పన్నెండో మాట.
మూడక్షరాల మాట.
నడిమి అక్షరం జీ ఉండాల్సింది, ఏ పడింది.
అంతేనా?
అంతే, అన్నారు.
అచ్చుతప్పులకి నా జీతంలో ఎన్నో కోతలు పడ్డాయి,
ఇంత కోత ఎవరూ వెయ్యలేదు.

మూలప్రతిని ముట్టుకోరట.
కణం నడిమి గదిలో అది తప్పుతోనే ఉంటుందట.
అక్కణ్ణించి బయల్దేరే చీటీలు,
"పెరుగు, పెరుగు, ఆగకు" అని మోసుకుపోయేవి,
వాటిని దారిలో పట్టుకుని
ఆ ఒక్క అక్షరం చూసి చింపేస్తారట.
చింపేవీ అక్షరాలే,
కొవ్వు బుడగలో చుట్టి నరంలోకి వదిలే చిన్న జంట తీగ.

అంటే సెన్సారే కదా, అన్నాను.
మీరు నవ్వలేదు. మీకు ముప్పై నాలుగు.
నీలం పెన్సిలు మీకు మ్యూజియంలో వస్తువు.

ఎలుకల్లో పనిచేసిందా?
చేసింది.
బతికాయా?
కొన్ని. అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు.
మనుషుల్లో?
గడ్డ చుట్టూ పీచు గోడ ఉంటుంది,
మందు దాటుతుందో లేదో, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

మరి, కొట్టేసినచోట
ఆ కణం దేంతో నింపుకుంటుంది?

మీ పెన్ను ఆగింది.
అదే మాకూ తెలియదు, అన్నారు.
ఆ ఆఫీసు నుంచి ఒక్కనాడూ
"తెలియదు" అన్న మాట రాలేదు.
అందుకే ఒప్పుకున్నాను.

సంతకానికి నీలం పెన్ను ఇచ్చారు.
నల్లది ఉందా, అన్నాను.
నర్సు సొరుగులన్నీ వెతుకుతోంది.
ఏప్రిల్లో ఆ పెన్సిలు విరిగిన రాత్రి గుర్తొచ్చింది.
ప్రూఫు ఎక్కడికీ పంపక్కర్లేదని తెలిశాక
మా ఫోర్‌మన్ బెర్నార్దినో
చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక
తుడిచిన బల్లనే మూడుసార్లు తుడిచాడు.

నాలుగు పేజీలు. ఒక్కో అక్షరం చదివాను.
మూడో పేజీలో నా పేరు, ఆన్సెల్మో క్వింటెల్లా.
ఎల్ ఒకటి ఎక్కువ పడింది.
కొట్టేశాను. పక్కన అంచులో
పాత పద్ధతిలో మెలిక గుర్తు పెట్టాను.
అదేంటి, అంది నర్సు.
తీసెయ్యమని, అన్నాను.