నింపని పీపా

ముందు పోయింది వాసన, అన్సెల్మ్.
చేయి వణకడానికి నాలుగేళ్ల ముందే.
ఆ అక్టోబరు కోతల్లో పులుస్తున్న తొట్టి మీదికి వంగి
"ఈ ఏడు ద్రాక్ష మూగది" అన్నావు.
ద్రాక్షకేం, వీధి చివరిదాకా అరుస్తోంది.
నేను నవ్వి ఊరుకున్నాను.
ఆ నవ్వు ఇప్పటికీ నా పళ్ల సందున గింజలా ఉంది.

నీ నేలమాళిగలో పీపాల వరస,
వాటి మీద సుద్దముక్కతో నువ్వు రాసిన ఏళ్లు.
ఖాళీ అయినవాటినీ ఎవరూ తుడవలేదు.
మొదటిదాని మీద అంకెలు అరచేయంత,
తర్వాత బొటనవేలంత,
చివరిదాని మీద చీమ తలంత.
దీపం దగ్గరికి పట్టి చదవాలి.
డాక్టరు చెప్పకముందే
ఈ చెక్కలకు తెలుసు నీ జబ్బు పేరు.

మన జూరా కొండల్లో పసుపు వైన్‌కి ఒకటే నియమం:
పీపాలో తగ్గినదాన్ని నింపకూడదు.
ఆరేళ్ల మూడు నెలలు
గాలిని తాగినంత తాగనివ్వాలి.
పైన పాలమీగడలా పొర కడుతుంది,
దాన్ని కదపకూడదు.
లీటరు పోస్తే ముప్పాతిక కూడా మిగలదు.
ఈ లెక్క చెప్పి కుర్రాళ్లని భయపెట్టేవాడివి.
ఆస్పత్రిలో సొలాంజ్ అదే లెక్క గుర్తుచేసి ఓదార్చబోతే
"నేను వైన్ని కాదే" అన్నావు,
గొంతు అప్పటికే గుసగుస.

గుమ్మం దగ్గర నీ కాళ్లు అతుక్కుపోయేవి.
లోపలికి నాలుగడుగులు. నాలుగు ఊళ్లు.
నేలమీద సుద్దగీతలు గీశాను.
నడవమంటే కదలని కాలు
గీత దాటమంటే దాటేది.
తొక్కుడుబిళ్ల ఆడిస్తున్నావా అని తిట్టావు.
తిడుతూనే దాటావు.

లోపల, గ్లాసు నా ముక్కు కింద పెట్టి
"చెప్పు" అనేవాడివి.
అక్రోటు. వేయించిన మెంతులు. వాన పడ్డ సున్నపురాయి.
"మెంతులు వేగాయా, మాడాయా?"
నాకేం తెలుసు, పీపాలు బాగుచేసేవాణ్ని,
నాకొచ్చిన వాసన ఓక్ చెక్క పొట్టు ఒక్కటే.
మాడాయన్నాను ఒకసారి, తెలిసినవాడిలా.
గ్లాసు లాక్కుని రంగు మాత్రం చూసి
"అబద్ధం" అన్నావు.

చివరి చలికాలం నీళ్లు కూడా పొలమారేవి.
పొలమారితే ఎవరో తలుచుకున్నట్టంటారు.
ఆ లెక్కన లోయంతా నిన్నే తలుచుకుంటోంది.
నర్సు ఇచ్చిన పొడి కలిపి
సొలాంజ్ నీ వైన్‌ని గంజి చేసింది,
చెంచాతో పట్టింది.
ముఖం కదలదు కదా నీకు,
మెచ్చావో ఏడ్చావో.
ఒక చుక్క గడ్డం మీద ఆగింది.
తుడవబోతే తల పక్కకి తిప్పావు,
ఉండనీ అన్నట్టు.

మార్చిలో నేల ఇంకా గడ్డకట్టే ఉంది.
నీకోసం రెండు పూటలు తవ్వారు.
తీగలు కత్తిరించే కత్తెర పెట్టెలో పెట్టింది సొలాంజ్.
ఫాదర్ చూడనట్టు నటించాడు.

ఈరోజు ఆ చీమతల అంకెల పీపాకి
ఆరేళ్ల మూడు నెలలు.
బిరడా తీయడానికి నేనొక్కణ్నే వచ్చాను.
గుమ్మంలో కాళ్లు ఆగిపోయాయి.
జబ్బేం లేదు నాకు.
గీతలు సగం చెరిగాయి.
ఒకటి దాటాను, రెండు దాటాను,
లేని మూడోదాన్ని కూడా దాటాను.

మీగడ చీలింది.
గాజుగొట్టంలోకి పసుపు ఎక్కింది.
మెంతులే, అన్సెల్మ్.
మాడలేదు.

ఒక గుక్క తాగాను.
పొలమారింది.