తువ్వాలు రెండో కొస

దొండపర్తిలో, బ్యాటరీల కొట్టు మీద రెండో అంతస్తులో
నా ఉద్యోగం ఏసీ ఆపడం.
ఎర్ర లైటు వెలిగేముందు ఏసీ ఆపాలి,
ఫ్యాను ఆపాలి,
ట్యూబులైటు గీమంటే దాన్నీ ఆపాలి.
చెప్పులు బయట విడవాలి.
ఊపిరి కూడా
అప్పిచ్చినట్టు కొంచెం కొంచెంగా వదలాలి.

గోడలకి చిట్టివలస గోనెలు, వాటి వెనక కొబ్బరి పీచు.
తలుపు లోపలివైపు సుద్దతో
రైళ్ల వేళలు రాసిందీ నేనే.
రత్నాచల్ వెళ్లాక ఒక పల్లవి,
రాయగడ పాసింజరు వచ్చేలోపు ఒక చరణం.
గూడ్సుకి మాత్రం వేళాపాళా లేదు,
నేవీ విమానాలకీ లేదు.
హార్బర్లో ఓడ కూసిందంటే
ఇంజనీరు గవర్రాజు గారు హెడ్‌ఫోన్ తీసి
"ఏ శ్రుతిలో కూసిందిరా?" అంటారు.
నాకు తెలుసు. చెప్పను.
నవ్వుతారని కాదు,
నవ్వకుండా చూస్తారేమోనని.

ఆ ఆదివారం
పెదజాలారిపేట నుంచి మైలపిల్లి ఎర్రన్న వచ్చాడు.
డెబ్బై దాటిన మనిషి.
కొత్త చొక్కా మడతలు ఇంకా ఒంటికి అలవాటు పడలేదు.
అలివి వల లాగేటప్పుడు పాడే పాటట,
ఎవరో కాలేజీవాళ్లు దాచిపెట్టుకుంటారట,
గంటకింత అని డబ్బు కట్టారు.
మైకు ముందు నిలబెట్టాం.
ఎర్ర లైటు వెలిగింది.
పాట రాలేదు.

గొంతు బాగానే ఉంది. నీళ్లు తాగాడు,
చుట్ట దగ్గు దగ్గాడు, ఎత్తుగడ అందుకున్నాడు.
బళ్లో ఎక్కం అప్పజెప్పినట్టుంది.
ఎనిమిది టేకులు.
గవర్రాజు గారు గడియారం చూస్తున్నారు,
అద్దం ఇవతల నేను ముసలాయన చేతులు చూస్తున్నాను.
తొడల పక్కన వేలాడుతూ
మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి
ఇసకలో పడ్డ కానాగంత మొప్పల్లా.

ఈయనకి తాడు కావాలి.

కేబులిస్తే కరకరలాడుతుంది.
నా తువ్వాలు కుళాయి కింద తడిపి, పిండి,
వాచ్‌మన్ తువ్వాలుకి ముడేశాను.
తడిగుడ్డ మాట్లాడదు.
ఒక కొస ఆయన చేతిలో పెట్టి
రెండో కొస పట్టుకుని
మైకు వెనక, వెలుతురు చాలని మూల
గోనెకి వీపానించి కూలబడ్డాను.

ఒకసారి లాగి చూశాడు.
"బరువు సాల్దురా గుంటడా."
కాళ్లు తన్నిపెట్టాను.

అప్పుడొచ్చింది.
మడమల్లో మొదలై, నడుమెక్కి,
భుజం మీద ఒక్క క్షణం ఆగి
నోట పడింది పాట.
ఆయన లాగినప్పుడల్లా నేనివ్వాలి,
ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి గుంజాలి,
కెరటం చేసే మోసం అదేగా.
ఏసీ లేదు. ఒకటే ఉక్క.
చెమట కళ్లలోకి దిగుతోంది,
తుడుచుకుందామంటే తువ్వాలు పాటలో ఉంది.
నాలుగు నిమిషాలపాటు
నేను బంగాళాఖాతంలో ఒక ముక్కని.
మధ్యలో గూడ్సు వచ్చింది.
ఆయన ఆగలేదు, గవర్రాజు గారూ ఆపలేదు.

రసీదు మీద వేలిముద్ర వేస్తూ ముసలాయన
"పాట నాదే. బరువీ గుంటడిది.
ఈడి పేరూ రాయండి" అన్నాడు.
రసీదులో అలాంటి గడి లేదు.
గవర్రాజు గారు నవ్వి పెన్నుకి మూత పెట్టారు.

రాత్రి శుభ్రం చెయ్యడానికి కూర్చున్నాం.
రైలు పల్చబడింది, పూర్తిగా పోలేదు.
రెండో నిమిషం దాటాక
ఒక ఊపిరి వినిపించింది,
కిందనుంచి, బిగపట్టిన పళ్ల మధ్యనుంచి.
ముసలాయనది కాదు.
మౌసు దాని మీదే ఆగింది.
ఆయన నావైపు తిరగలేదు.
"ఇదే శ్రుతిలో ఉందిరా?"

"తప్పింది సార్" అన్నాను.

ఆయన కాసేపు ఊరుకుని
దాన్నలాగే వదిలి
మూడో నిమిషంలోకి వెళ్లిపోయారు.
నేను లేచి ఏసీ వేశాను.