ముద్ర పడని వేలు

ఏడురోడ్ల జంక్షన్‌కి రెండు సందుల అవతల
మందుల కొట్టు మేడ మీద మా ఆఫీసు.
నెలలో మొదటి సోమవారం
మెట్ల మీద చెప్పుల చప్పుడుని బట్టి
ఎవరొస్తున్నారో చెప్పేస్తాను.
పరుగెత్తే చెప్పులైతే కొత్త కేసు.
ఈడ్చుకొచ్చేవి ఏడాది నలిగినవి.

బల్ల మీదొక లావుపాటి పుస్తకం,
నేరస్థులు ఎలా మారతారో, ఎందుకు మారరో.
వందకి ముప్పై నలుగురు మళ్ళీ తప్పు చేస్తారట.
ఆ ముప్పై నలుగురిలో ఒకడు
ఇప్పుడు నా ఎదుటి కుర్చీలో
ఫ్యాను గాలికి తుమ్ముతున్నవాడేనా,
అది మాత్రం చెప్పదు.

ఢిల్లేశ్వరరావు. ఇరవై రెండేళ్ళు. పలాస.
జీడిపప్పు, రెండు డబ్బాలు.
ఏడాది పాటు సత్ప్రవర్తన బాండు.

పూచీ పడడానికి వాళ్ళమ్మ తవిటమ్మ వచ్చింది ఆ రోజు.
ప్యాడు మీద బొటనవేలు అద్ది
కాగితం మీద నొక్కితే
ఊదారంగు మరకే గానీ ఒక్క గీత లేదు.
ఇంకో వేలు. అదీ అంతే.
పద్దెనిమిదేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు,
ఆ సొన గీతలన్నీ తినేసింది.
"రేసను మిసనుకీ నాను కనబడనమ్మా" అని నవ్వింది.
గుమస్తా విసుక్కున్నాడు.
ఆ మరక కింద
"ఈమెని నేనెరుగుదును" అని రాసి సంతకం పెట్టాను.
అప్పటికి ఎరగను.
చట్టం ప్రకారం అదీ ఒక తప్పే.

కోర్టుకి పంపే ఫారంలో
"కారణం" అనే గడి అంగుళం వెడల్పు.
తుపాను పడగొట్టిన తోటలు అందులో పట్టవు.
మూసేసిన బట్టీ పట్టదు.
ముందు తీసుకున్న కూలి అప్పు, దాని వడ్డీ, ఆ షావుకారి నోరు,
ఎంత సన్నగా రాసినా పట్టవు.
"దురాశ" అయితే సరిగ్గా సరిపోతుంది.

రాత్రుళ్ళు పెన్సిలు పట్టుకుని ఆ పుస్తకం చదువుతాను.
"సామాజిక నేపథ్యం" అన్న మాట వచ్చిన చోటల్లా
మందస బస్సు గుర్తొస్తుంది.
పదకొండేళ్ళ కిందట అది నాకు తప్పిపోయింది.
గొర్లె గవరయ్య ఇంటి గుమ్మం చూడకుండానే
ఎస్సై ఫోన్లో చెప్పిన నాలుగు ముక్కలతో
నలభై నిమిషాల్లో నివేదిక రాశాను.
"మార్పు వచ్చే సూచనలు లేవు."
మొత్తం ఆరు వాక్యాలు.
వాడికి ఆరు నెలలు పడింది.
బయటికొచ్చాక మా మెట్లెక్కాల్సిన పని వాడికి లేదు.
ఎక్కలేదు.
ఆ నివేదిక నకలు ఇంకా నా సొరుగులోనే ఉంది,
పైన అగ్గిపెట్టెలు, గుండుసూదులు పడేస్తుంటాను.
పుస్తకంలో పేజీ పేజీకీ అడుగున సన్నక్షరాల వివరణలున్నాయి,
తప్పిపోయిన బస్సుకి ఒక్కటీ లేదు.
మార్జిన్లో పెన్సిల్‌తో "మందస" అని రాశాను.
మా ఆయన చూసి, అదేం ఊరు పేరు అన్నాడు.

మొన్న సోమవారం ఢిల్లేశు పదకొండో సంతకం.
మెట్ల మీద ఏ చప్పుడూ వినబడలేదు.
వాన. చెప్పులు చేత పట్టుకొచ్చాడు.
కాశీబుగ్గలో బళ్ళ షెడ్డులో పనట,
గోళ్ళ కింద గ్రీజు.
వాళ్ళమ్మ ఎలా ఉందన్నాను. దగ్గుతోందన్నాడు.
నేను రిజిస్టరు వెతికే లోపల
పుస్తకం అటూ ఇటూ తిరగేసి
"ఏటి మేడమ్మా, ఇందల నానున్నానా?" అన్నాడు.
లేవన్నాను.
కాసేపు అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.
"అయితే ఇంకా రాయనేదన్నమాట."

సంతకంలో వ-వత్తు మర్చిపోయాడు.
దిద్దమనలేదు.
వచ్చే నెలది ఆఖరు.
వస్తాడో రాడో నేను రాసివ్వలేను.
ఆమదాలవలసలో ప్యాసింజరు అందుకోవాలని
చెప్పులు తొడుక్కుని లేచాడు.

పైకొచ్చే పరుగులకి అర్థం తెలుసు నాకు.
ఇరవై ఆరేళ్ళ సర్వీసు,
దిగిపోయే పరుగు మాత్రం ఇంకా చదవడం రాదు.
అట్ట మీద వాడి వేళ్ళు నల్లగా, గీత గీతా పడ్డాయి.
తుడవలేదు.