అర చుట్టు ముందుకు

బోల్టు తిరుగుతనే ఉంది.
తిరుగుతది, తిరుగుతది, ఎక్కడా పట్టుకోదు,
నిద్రల మాట్లాడేటోని మాట లెక్క.

మల్లాపూర్ షెడ్డుల, జాకీ ఎత్తిన బండి కింద,
కండ్లల్లకు రాలిన మట్టిని భుజంతోని తుడుచుకుంట
నేను ఎల్లెలుకల పండుకొని ఉన్న.
పాత వ్యాగనార్. ఇందుమతి సిస్టరుది.
నైట్ డ్యూటీకి నాచారం గుంతలన్నీ దాటుకుంట పోతది.
"ఎడమ దిక్కు ముందట టక్కుమంటది తమ్మీ,
బ్రేకు కొడితే ఇంకా గట్టిగ."

ఖలందర్ ఉస్తాద్ నట్టుల చిటికెన వేలు పెట్టి తిప్పిండు.
గోరుకు వెండి పొడి అంటింది.
"చూడీ పోయింది" అన్నడు. అంతే అన్నడు.

మా షెడ్డుల మరను చూడీ అంటరు.
చూడీ అంటే గాజు.
నట్టు లోపల వరుసగ తొడిగిన గాజులు.
పగలగొట్టింది నేనే.

వానలు మొదలైనప్పుడు, అయిదు బండ్లు లైన్ల ఉన్ననాడు,
కంట్రోల్ ఆర్మ్ బుష్షు మార్చి,
బోల్టును వేళ్లతోని ఎక్కియ్యకుండ
గాలి గన్నుతోని సీదా కొట్టిన.
వంకర ఎక్కింది. అరిసింది గూడ.
గన్ను సప్పుడుల ఇనబడలేదని నాకు నేనే చెప్పుకున్న.
ఇంత టేపు చుట్టి, ఇంత గ్రీజు రాసి
తాళాలు ఇచ్చిన.
చాయ్ తాగు అని ఆమె ఇరవై రూపాయలు ఇచ్చింది.
తాగిన.

ఎవడు చేసిండని ఉస్తాద్ అడగలే.
రాణిగంజ్ పోయి కాయిల్ పట్కరా అన్నడు,
పన్నెండు నంబరు, ఒకటింబావు పిచ్చు.
తెచ్చినంక ట్యాపు నా చేతిలనే పెట్టి
తను పోయి టైరు మీద కూసున్నడు.

ముందుగాల డ్రిల్లు పాతదాన్నంత తినేసింది.
బాగు చేసుడంటే ముందు తూటును ఇంకింత పెద్దగ చేసుడని
ఏడేండ్లల నాకెవ్వరు చెప్పలే.

తర్వాత ట్యాపు.
అర చుట్టు ముందుకు, పావు చుట్టు ఎనక్కు.
ఎనక్కు రాకుంటే తెగిన ఇనుము గొంతుల అడ్డం పడుతది,
ట్యాపు ఇరుగుతది.
ఇరిగిన ట్యాపును తీసేటోడు నాకు తెలిసి బాలానగర్‌ల ఒక్కడే,
వాడు ఫోన్ ఎత్తడు.
నూనె. అర చుట్టు. పావు.
ముందుకు పోయేటప్పుడు నాకేం అనిపియ్యలే.
ఎనక్కు తిప్పిన ప్రతి పావు చుట్టుల
ఆ ఇరవై రూపాయల నోటు.

కాయిల్, పెన్నుల ఉండే స్ప్రింగు లెక్క సన్నగ,
లోపటికి దిగింది.
దాని కొసకు చిన్న తోక ఉంటది,
దింపే దాక అదే ఆధారం,
దిగినంక దాన్నే టక్కున ఇరగ్గొట్టాలె.

గన్ను ముట్టలే.
బోల్టును మూడు వేళ్లతోని పట్టి తిప్పిన,
ఒకటి, రెండు, మూడో చుట్టుల
లోపల్నుంచి ఎవరో చెయ్యి అందుకున్నట్టు
పట్టింది.
రెంచి టిక్కుమన్నంక ఇంకింత గుంజబుద్ధయింది.
గుంజలే.

"కాయిల్ పైసలే ఇయ్యమ్మా, కూలి లేదు" అన్నడు ఉస్తాద్.
"ఎందుకట్ల?" అన్నది సిస్టర్.
ఉస్తాద్ నా దిక్కు చూసిండు.
నేను జాకీ దిక్కు చూసిన.

గేటు ముందటి స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎక్కి దిగింది.
చెవులు రిక్కించి ఇన్న. సప్పుడు లేదు.
ఉరికి పోయి అద్దం కొట్టిన.
రెండు వారాలైనంక ఒక్కసారి రా అక్కా,
బోల్టు టైటు చూడాలె, అన్న.

అది సగమే నిజం.
మిగిలిన సగం అప్పుడు చెప్పుత.