గోడ మందం

బ్రాడీపేట నాలుగో లైనులో
మా ఫోను మూగబోయి పదకొండు రోజులు.

లైన్‌మన్ దరియావలి నిచ్చెన వేసి
వరండా గోడ మీది డబ్బా విప్పి విన్నాడు.
"ఇక్కడిదాకా గుయ్‌మంటోందమ్మా.
ఇక్కడిదాకే మాది.
లోపలి తీగ ఇంటిది."

ఇంటిదన్నాడు కదా అని
ఇంటామె సుభాషిణి గారి గుమ్మం ఎక్కాను.
"అద్దెకిచ్చింది గోడలు, మాటలు కాదు.
నంబరు నీ పేరునే ఉందిగా?"

కరెంటు పనికొచ్చిన ఏసోబు
టెస్టరు పెట్టి చూసి నవ్వాడు:
"దీంట్లో నా కరెంటు లేదు."

నా పేరునే ఉన్నాయి, నిజమే.
నంబరు, బిల్లు,
ఫాల్ కుట్టాల్సిన పద్నాలుగు చీరలు.
అవతలివాళ్లకి మోగుతూనే ఉంటుందట.
నేనే ఎత్తడం లేదనుకుంటారు.

రాత్రి మిషను దగ్గరి లైటు పట్టుకుని
మేకు మేకునా తీగ తడిమాను.
తెగింది ఎక్కడంటే
గోడకి పొడిచిన కంతలో,
తొమ్మిదంగుళాల ఇటుక చీకట్లో,
ఎలుక కొరికిన చోట.

బయటా కాదు. లోపలా కాదు.
దరియావలి ఇప్పుడుంటే
ఏమనేవాడో.

రెండు కొసలూ బయటికి లాగి
కత్తెరతో తొడుగు ఒలిచి
రాగి పోగుల్ని దారంలా పురెక్కించి
నల్ల టేపు చుట్టి మళ్లీ కంతలోకి తోశాను.
ఎత్తితే గుయ్‌మంది.

పొద్దున్నే మొదటి కాల్ ఆఫీసు నుంచి:
"మావాళ్లు వచ్చి బాగుచేశారాండీ?"

ఆఁ అన్నాను.

ఒకటో తారీకు అద్దెలో
ఒక ఫాల్ కూలి తగ్గించి ఇచ్చాను.
సుభాషిణి గారు రెండుసార్లు లెక్కపెట్టి
నన్ను కాదు,
గోడని చూశారు.