వచ్చిపొయ్యేటోడు

నీ దుకాణానికి ట్రాఫిక్ లేదన్నడు జోబిను.
పొద్దుగాల ఆరింటికి ఇత్తిహాద్ రోడ్డు మీద
షార్జా నుంచి దుబాయి దాక
ఎర్రలైట్ల తోరణం జూసినోన్ని,
నవ్వొచ్చింది.

ఆన్‌లైన్ల నా దుకాణం.
సిరిసిల్ల లుంగీలు, తువ్వాలలు, రుమాళ్లు.
మంచం మీద సగం నేను, సగం గోదాము.
ఒక్కొక్కపారి మూట పక్కకు ఒత్తిగిలి
బట్టకు కలవెట్టిన గంజి వాసన పీల్చుకుంట పంట.

చాయ్ తాగుకుంట చెప్తడు జోబిను:
పైసలు వెట్టి పిలిచేదొకటి, పెట్టకుండ పిలిచేదొకటి.
ముందుగాల పైసలే పెట్టిన.
ఒక్కో నొక్కుకు దిర్హం పావలా.
నాలుగువందల మంది నొక్కిన్రు.
కొన్నది ఒక్కడు.
బొటనేలు జారిందని వాడు గూడ వాపసు పంపిండు.
ఐదువందల దిర్హాలు
ఆగస్టుల రోడ్డు మీద చల్లిన నీళ్లు,
తడి గూడ మిగలలే.

ఎతుకుడు మాటలు సరిజెయ్యి, అన్నడు.
లుంగీ అని కొడ్తే నేను ముప్పయ్యో పేజీల తేలిన,
నా ముంగట లుంగీ కట్టుడే ఎర్కలేనోళ్లు.
ఆర్నెల్లు ఓపిక వట్టు, అదే పైకొస్తదన్నడు.
ఆర్నెల్లంటే ఆరు బెడ్‌స్పేసు కిరాయిలు జోబినూ.

మెరీనల ఉండే ఒక పిల్లకు
మూడు లుంగీలు ముఫత్‌ల పంపిన.
ఒకటి తలకు సుట్టుకున్నది, ఒకటి పరద గట్టింది,
మూడోది ఏమైందో!
వీడియో లక్షమంది జూసిన్రు.
అందరు అడిగింది ఒక్కటే:
ఆ కండ్లద్దాలు ఏడ దొరుకుతయని.

శుక్రారం చీటీలు వట్టుకొని సజ్జ క్యాంపుకు వోయిన.
సజ్జంటే మనకు రొట్టె,
ఈడ ఒక్క గదిల ఎనిమిది మంచాలు.
చీటీల మీద మిర్చి బజ్జీలు వెట్టుకొని తిన్నరు.
గని మెస్సుల గౌసు లేడా,
నా తువ్వాల భుజాన ఏసుకొని పప్పు వోస్తడు,
దానితోనే చెమట తుడ్సుకుంటడు, వేడి గంజు దించుతడు.
ఆ భుజం ఒక్కనెల్ల పదకొండు అమ్మింది.
గౌసును ఏ లెక్కల రాయాల్నో
జోబినుకు గూడ సమజ్ గాలే.

ఇంకొకడున్నడు.
రోజు రాత్రి రెండుంబావుకు వస్తడు.
నీలం గళ్ల లుంగీ పేజీ ఒక్కటే తెరుస్తడు,
ఏడు నిమిషాలు ఉంటడు, పోతడు.
జోబిను భాషల వాడు బౌన్సు,
గోడకు కొట్టిన బంతి.

ఫోటోలే ఖరాబున్నయన్నడు జోబిను.
ఎనుక గల్లీ ఏంది, మేక ఏంది, ఎవల్దో తలుపేంది?
తెల్ల గోడ వెట్టు, బట్ట కండ్లవడ్తది.
అబద్ధమెందుకు, నిజమే చెప్పిండు.
తెల్లగోడ వెట్టినంక
వారానికి మూడు వోయేటియి తొమ్మిదైనయి.
ఆఖరుకు నీలం గళ్లది గూడ మార్చిన.

ఆ రాత్రి రెండుంబావుకు మెసేజు.
"అన్నా, ఆ ఫోటో ఏమైంది?"
పేరు అంబదాసు. జబల్ అలీల గోదాము వాచ్‌మన్.
లుంగీ కావాల్నా అన్న.
"వద్దన్నా, నాకు రెండున్నయి."
మరి?
చానసేపు టైపు చేసిండు, తుడిపిండు, మల్ల చేసిండు.
"లుంగెనుక నీలం తలుపు మా ఇంటిదే.
మెట్టు మీద ఎర్ర చెప్పులున్నయి గద,
చిన్నయి.
మీరు ఫోటో తీసిన్నాడు
మా బిడ్డ ఇంట్లనే ఉన్నదన్నట్టు."

ఆ ఫోటో తీసింది మా బామ్మర్ది.
మేకను అదిలిచ్చిండట గని చెప్పులు సూడలే.
నేను గూడ సూడలే,
రెండొందలసార్లు సూసి గూడ.

పాత ఫోటో మల్ల పెట్టిన.
అదొక్కటి గట్లెందుకున్నదని జోబిను అడిగితే
తెల్లగోడ అయిపోయిందన్న.
ఎర్రిమొకం వెట్టిండు.

రెండుంబావైంది.
గౌసు చెప్పిన పన్నెండోది మడత వెడుతున్న.
లెక్కల పెట్టెల ఒక సుక్క ఎలిగింది.